లెక్కకు రాని గుంజ

రంగూను, సంచౌంగ్
9 సెప్టెంబరు 1979

మోల్మేను బజారులో జంతికల మూకుడు ముందు కూర్చుని ఊరిని ఏలుతున్న మా అప్ప సింహాచలమ్మకు, తోడబుట్టిన పాపానికి తమ్ముడు ఢిల్లేశ్వరరావు రాసుకునే ఉత్తరం.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ మరదలు రత్నానికి మోకాలి నొప్పి, నాకు రత్నం నొప్పి. పిల్లలు నలుగురూ ఒకే గదిలో ఒకరి మీద ఒకరు పడుకుంటున్నారు. నువ్వొస్తే నిన్ను గోడకి మేకు కొట్టి తగిలించాలి. అందుకని కబురు వినుకో: ఇల్లు దొరికింది.

ఎండలో ఇల్లు చూడడం పెళ్లిచూపుల్లో పిల్లని చూడడం లాంటిది. అన్నీ సర్దుకుని కూర్చుంటుంది. అందుకే కుండపోతగా కురుస్తున్న రోజు చూసుకుని వెళ్లాను. ఇల్లుగలావిడ డో మ్యా టిన్, రిటైరైన పంతులమ్మ. మొగుడు లేడు. ప్రోములో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. "ఈ వానలో వచ్చావేమిటి నాయనా" అంది. "మీ ఇంట్లో వాన ఎలా కురుస్తుందో చూద్దామని" అన్నాను. ముసలావిడ నవ్వి, దాచకుండా అన్నీ చూపించింది. హాల్లో నాలుగు బకెట్లు, రెండు గంగాళాలు, ఒక రోలు. ఏది ఏ చుక్క కింద పెట్టాలో ఆవిడకి కంఠతా వచ్చు.

చెక్క ఇల్లు. గుంజల మీద నిలబెట్టింది. రేకు కప్పు. నేల చెక్కలు అక్కడక్కడా ఊడి, నిమ్మకాయ వదిలితే అదే దొర్లుకుంటూ వీధిలోకి పోతుంది. మరుగుదొడ్డికి తలుపు లేదు, గొంతెత్తి పాడుకుంటూ కూర్చోవాలి. ఇంటి కింద దూరి గుంజలన్నీ సుత్తితో కొట్టి చూశాను. ప్యింకడో కర్ర, ఇనుములా ఖంగుమంది. మూల గుంజ ఒక్కటి కొట్టనివ్వలేదు. పైన ఇంట్లో ఆ గుంజకే ఇంటిని కాచే దేవుడు నత్‌కి కొబ్బరికాయ కట్టి ఉంది, ఎర్రగుడ్డ చుట్టి, పూలు పెట్టి. "నలభై ఏళ్లుగా ఆయన అక్కడున్నాడు, సుత్తితో పలకరిస్తావా" అని పంతులమ్మ పైనుంచి కేకేసింది. దేవుడే కాపలా ఉన్న గుంజకి ఏటవుతాది అని వదిలేశాను.

ఇరవై ఒక్క వేల చ్యాట్లు అంటోంది. బాగుచేయించడానికి నాలుగు వేలు చాలు. ఇంకో వెయ్యి ఉంటే ముందు చిన్న వరండా దించి నా కిళ్లీ కొట్టు ఇంటి ముందుకే తెచ్చుకుంటాను. బజారులో ప్రతి అడ్డమైనవాడికీ ఉత్తినే కిళ్లీ కట్టే బాధ తప్పుతుంది.

నీ ఆశీర్వాదాలు కోరే, దాంతోపాటు డబ్బు పంపినా కాదనని,
ఢిల్లీ


మోల్మేను
21 సెప్టెంబరు 1979

ఒరే ఢిల్లీ,

ఉత్తరం చేరింది. ముందు నవ్వాను, తర్వాత లెక్క కూడాను. కూడాక నవ్వు పోయింది.

నాలుగు వేలు అని రాసి పారేశావు. రేకులు ఎన్ని, కంట్రోలు ధరకి దొరుకుతాయా, హ్మౌంగ్‌ఖో నల్లబజారు వాడి దగ్గర దొంగచాటుగా కొనాలా, వడ్రంగి రోజు కూలి ఎంత, ఎన్నాళ్ల పని, ఒక్క ముక్క లేదు. కిళ్లీకి సున్నం రాసినట్టు ఇంటికి లెక్క రాస్తే కుదరదు.

నా సంగతి నీకు తెలియంది కాదు, అయినా మళ్లీ చెబుతాను. మీ బావ పోయిన దగ్గర్నుంచి ఈ మూకుడు ముందు కూర్చుని పోగేసిందీ, నా గాజులూ, కొట్టు సామాను అమ్మితే వచ్చేదీ అంతా కలిపి ముప్పై వేలు. అంతకు మించి చిల్లిగవ్వ లేదు. ఏప్రిల్లో తింజాన్ పండగ లోపల కొట్టు తాళం ఓనరుకి అప్పగించాలి. నేను పడుకునేది కూడా ఆ కొట్టు వెనకే అని మరిచిపోకు. తాళం ఇచ్చాక ఈ ఊళ్లో నాకు నిలబడే చోటు లేదు. అందుచేత నువ్వు కొనే ఇల్లు నిలబడాలి. నాకు మేడలక్కర్లేదు, నిలబడితే చాలు.

ఇరవై ఒకటి ఇంటికి. తొమ్మిది బాగుచేతకి. నాలుగు కాదు, తొమ్మిది. అందులో ఆరు నీకిస్తాను, మూడు నా దగ్గరే ఉంటుంది. నువ్వు ఇంటి కింద దూరి చూసినా కనబడని పని ఒకటి ఉండే ఉంటుంది, అది ఇల్లు విప్పాకే బయటపడుతుంది. ఈ మూడు దానికి. వరండాకి కాదు. వరండా అనే మాట మళ్లీ రాశావంటే ఉత్తరం చింపేస్తాను.

ఇంకోటి. శనగపిండికి రేషను పెట్టేస్తున్నారని రెండేళ్ల కిందట నువ్వు సరదాకి రాస్తే తొమ్మిది బస్తాలు కొన్నాను. నీ మాట నాతోపాటు పురుగులు కూడా నమ్మాయి. ఈసారి నా ముప్పై వేలతో సరదా వద్దు.

డబ్బు మా పక్క కొట్టు లింగరాజు చేత పంపుతాను. వాడు కొట్టు సరుకులకి నెలనెలా రంగూను వస్తూనే ఉంటాడు. రత్నం మోకాలికి ఆవనూనె కాచి రాయమను.

అప్ప


రంగూను
2 డిసెంబరు 1979

ఇకనుంచి రంగూనులో ఇల్లుగల ఆసామి అయిన అప్పకు, ఆ ఇంటి వాచ్‌మన్ వినయంగా తెలియజేసుకోవడం ఏమనగా,

ఇల్లు మనదైంది. పంతులమ్మ ఇరవై ఒకటి దగ్గర గీత గీసి కూర్చుంది, చేతిలో బెత్తం లేదు గాని. నీదీ నాదీ విదేశీయుల కార్డు, రత్నానిది ఈ దేశం కార్డు, కనక కాగితాలు రత్నం పేరు మీద రాయించాం. అప్పట్నుంచి నేను చెప్పులు బయట విడిచి ఇంట్లోకి వెళ్లాల్సి వస్తోంది.

ఆవిడ వెళ్తూ కొబ్బరికాయ విప్పలేదు. "ఆయన ఇంటివాడు, నావాడు కాదు, నువ్వు చూసుకో అమ్మా" అని రత్నం చేతికి అత్తరు సీసా ఇచ్చింది. రత్నం రోజూ పొద్దున్న మన దేవుడికి దీపం పెట్టి, వెళ్లి ఆయనకి అత్తరు నీళ్లు చల్లి వస్తోంది. "ఏటే ఇద్దరు దేవుళ్లు" అంటే "ఇద్దరున్నా నిన్ను బాగుచెయ్యలేకపోతున్నారు" అంది.

పని మొదలైంది. మేస్త్రి పేరు ఊ చిట్ ఫో. మంచి పనివాడే గాని నత్తకి చిన్నాన్న. నేల చెక్కలు విప్పడానికి నాలుగు రోజులన్నాడు. నేను ఆయన చెవిలో, యుద్ధం రోజుల్లో ఒక జపాను ఆఫీసరు ఈ నేల కింద బంగారం దాచాడని పంతులమ్మ అంటుండేది అన్నాను. ఒక్క పూటలో చెక్కలన్నీ లేచాయి. ఒక్కటి విరగలేదు, ఎంత జాగ్రత్తగా విప్పారో. మర్నాడు వీధి వీధంతా పారలు పట్టుకుని వచ్చారు. వాళ్ల చేతే మరుగుదొడ్డి గొయ్యి తవ్వించాను.

నువ్వు ఊరగాయ జాడీలో దాచి పంపిన థాయి మేకులు చేరాయి. మేకులకి ఇంగువ వాసన, ఊరగాయకి ఇనుము రుచి. మేకు నోట్లో పెట్టుకుని పనిచెయ్యడం ఊ చిట్ ఫో అలవాటు కదా, మూడో రోజున "ఇవి ఇంకా ఉన్నాయా" అని అడిగాడు.

రేకులకి రెండున్నర వేలైంది. నేలకి పదిహేను వందలు. కూలి నడుస్తోంది. నా చేతిలో ఇంకా పన్నెండు వందలుంది. వరండా గురించి ఏమీ రాయడం లేదు.

చెప్పులు విడిచిన,
ఢిల్లీ


మోల్మేను
20 డిసెంబరు 1979

ఒరే,

లెక్క బాగానే ఉంది. నువ్వు రాసిన లెక్కేనా అని రెండుసార్లు చూశాను. బంగారం పని మాత్రం బాగులేదు. రేపు వాళ్లకి నిజంగా ఏదన్నా చెప్పాలంటే ఎవడు వింటాడు?

ఇక్కడ ఒక సంగతి. ఓనరుకి కొత్త అద్దెదారు దొరికాడు, కుట్టుపని చేసే గోవిందు. వాడికి తొందర. నేను ఫిబ్రవరి నెలాఖరుకే తాళం ఇచ్చేస్తే అయిదు వందలు చేతిలో పెడతానంటున్నాడు. ఊరికే వచ్చే డబ్బు కాదనడం ఎందుకు? ఇల్లు ఎప్పటికి ఉండడానికి వీలవుతుందో ఒక్క మాట రాయి. పక్కా మాట.

మూడు వేలు మినపప్పు డబ్బా అడుగున భద్రంగా ఉంది.

అప్ప


రంగూను
18 జనవరి 1980

కోపం తెచ్చుకోకుండా కూర్చుని చదవమని అప్పకు ముందుగా దండం పెడుతూ,

మన ఇంటికి కాలు విరిగింది.

మొన్న ఆ మూల నేల సమం చేద్దామని ఊ చిట్ ఫో జాకీ పెట్టి ఎత్తాడు. ఇల్లు పైకి లేవలేదు, గుంజ కిందకి దిగింది. నత్‌గారి గుంజ. పైకి చూస్తే పెళ్లికొడుకు, లోపల అప్పడం. మిగతావన్నీ ప్యింకడో అయితే ఇదొక్కటీ యుద్ధం అయ్యాక హడావిడిగా వేసిన మెత్తకర్రట. దాని మీద అప్పట్నుంచీ పంతులమ్మ అత్తరు నీళ్లు, పూల నీళ్లు. తడి అంతా గుంజ వెంబడి కిందకి జారి నేలచెక్క మాటున కూర్చుంది. చెదలకి రోజూ అత్తరు స్నానం. రంగూనులో ఇంత సువాసన గల చెదలు ఎక్కడా లేవు.

మార్చేద్దాం అన్నాను. వడ్రంగులంతా రంపాలు కింద పెట్టేశారు. ఆయన్ని అడక్కుండా గుంజ కొయ్యరట. ముందు ఆయన్ని పక్క గుంజకి సాగనంపాలి. దానికి కొత్త కాయ, మూడు అరటి గెలలు, పూజకి ఒక ముసలమ్మ. అది చాలదన్నట్టు పంతులమ్మ ప్రోము నుంచి వచ్చి నన్ను ఆయనకి పరిచయం చెయ్యాలట, లేకపోతే నేనెవరో ఆయనకి తెలీదట. నలభై ఏళ్లు అద్దె కట్టకుండా ఉన్నవాడు, ఓనరుని పట్టుకుని నువ్వెవరు అంటున్నాడు.

ప్యింకడో గుంజ ఈ రోజుల్లో బజారులో లేదు. సేక్కాన్ రేవులో పాత జెట్టీ విప్పుతున్నారు, అక్కడ ఒకడు ఇస్తానన్నాడు గాని రొక్కం అడుగుతున్నాడు. గుంజ, జాకీలు, కూలి, నత్‌గారి మర్యాదలు, పంతులమ్మ రైలు టికెట్టు అంతా కలిపితే మూడు వేలు. నా చేతిలో ఉన్న పన్నెండు వందలూ కూలికే పోయాయి, నీ దగ్గరున్న మూడు వేలు లింగరాజు చేత పంపు.

ఒంటికాలి ఇంటి నుంచి,
ఢిల్లీ


మోల్మేను
30 జనవరి 1980

ఒరే ఢిల్లీ,

శనగపిండి కన్నా ఇది బాగుంది. లింగరాజుకి చదివి వినిపిస్తే టీ ముక్కులోకి పోయి దగ్గాడు. అత్తరు స్నానం చేసే చెదలు అన్నచోట మళ్లీ చదవమన్నాడు.

కానీ నువ్వు ఒక్కచోట దొరికిపోయావు. నా డబ్బాలో సరిగ్గా మూడు వేలుంటే ఖర్చు కూడా సరిగ్గా మూడు వేలే అయిందా? రెండు వేల ఎనిమిది వందలని రాసుంటే నమ్మేదాన్ని. వరండాకి పట్టుబట్టావని నాకు తెలుసు. వరండా అనే మాట రాయొద్దన్నాను కనక గుంజ అని రాశావు.

ఎంత మంచి కథ చెప్పినా డబ్బా మూత తియ్యను. ఇంతకీ నేనడిగినదానికి జవాబు లేదు. ఇల్లు ఎప్పటికి ఉండొచ్చు?

అప్ప


రంగూను
8 ఫిబ్రవరి 1980

నిజం చెబితే నవ్వే అప్పకు, అబద్ధం చెబితే నమ్మించగలిగిన తమ్ముడి మొర.

ఒట్టు. రత్నం మీద ఒట్టు. అది నీకు చాలదని తెలుసు, నా కిళ్లీ కొట్టు మీద ఒట్టు. గుంజ నిజంగానే పుచ్చింది. ఉత్తరంతో చిన్న పొట్లం పంపుతున్నాను, అందులో దాని ముక్క ఉంది. వాసన చూడు, ఇంకా అత్తరు వస్తుంది. చెద ఒకటి బతికి ఉంటే దాన్నే సాక్ష్యం అడుగు.

వడ్రంగులు రావడం మానేశారు. కింద ఇటుకలు పేర్చి మూల నిలబెట్టాను. పాత గది వదిలి ఇక్కడికే చేరిపోయాం కనక పిల్లల్ని ఆ మూలకి పోనివ్వడం లేదు. మొన్న పెద్దాడు తుమ్మితే రత్నం ఇల్లు పడిపోతుందేమోనని గుమ్మం దాటి వీధిలోకి పరిగెత్తింది. మోకాలి నొప్పి ఏమైందో గాని.

ఊ చిట్ ఫోకి ఎంత చెప్పినా వినడు. "ముందు బంగారం అన్నావు, ఇప్పుడు నత్ ఒప్పుకున్నాడంటున్నావు" అంటాడు. అవును, ఆయన ఒప్పుకున్నాడని అబద్ధం ఆడాను, కలలోకి వచ్చి చెప్పాడని. కలలో ఏ రంగు తలపాగా కట్టుకున్నాడని అడిగాడు ముండావాడు. పచ్చది అన్నాను. తప్పట.

లింగరాజు వచ్చే వారం ఇటు వస్తాడుగా. కళ్లతో చూసి చెప్పమను.

ఢిల్లీ


మోల్మేను
20 ఫిబ్రవరి 1980

ఒరే ఢిల్లీ,

లింగరాజు వచ్చి చూశాడు. నువ్వు కొట్టులో ఉన్నావట, రత్నం బజారుకి పోయిందట, పిల్లలు తలుపు తీశారట. "ఏటి సింహాచలమ్మా, ఆ గుంజ పెళ్లికొడుకునాగుంది. ఎర్రగుడ్డా, మల్లెపూలూ, అత్తరూ. నాను దండం ఎట్టి ఒచ్చీసినాను" అన్నాడు. కింద దూరి చూశావా అంటే "కొత్త లుంగీ కట్టీసినాను, బురదలో దూరమంటే ఎలాగ" అన్నాడు. వడ్రంగులెవరూ లేరట. రంపం చప్పుడు లేదట, నేల నున్నగా ఉందట, కప్పు కొత్తదట. అంటే ఏమిటి? పని అయిపోయింది. అయిపోయిన ఇంటికి మూడు వేలెందుకు?

నువ్వు పంపిన చెక్కముక్క మా పెరట్లో కూడా దొరుకుతుంది. అత్తరు నువ్వు చల్లి ఉంటావు.

ఇల్లు సిద్ధంగా ఉంది కనక గోవిందుకి మాట ఇచ్చేశాను. నెలాఖరుకి తాళం అప్పగిస్తున్నాను. తర్వాత ఊరు మారడానికి మన కార్డువాళ్లకి కావాల్సిన అనుమతి కాగితం వచ్చేదాకా లింగరాజు వాళ్లింట్లో ఉంటాను.

నాకు నవ్వు రావడం లేదురా ఈసారి. నాన్న పాడె మోస్తూ "నా వైపే బరువెక్కువ, నాన్న ఇంకా నా మీదే ఆనుకున్నాడు" అన్నవాడివి నువ్వు. అందరూ ఏడవబోయి నవ్వారు. నీకు నవ్వు లేకుండా నాలుగు ముక్కలు మాట్లాడడం రాదు. నిజంగా ఏదన్నా ఉంటే ఒక్క ఉత్తరం హాస్యం లేకుండా రాయి. రాయలేవని నాకు తెలుసు.

అప్ప


రంగూను
25 ఫిబ్రవరి 1980

అప్పా,

గుంజ పుచ్చిపోయింది. ఇటుకల మీద ఆగి ఉంది. వానలు రాకముందు వచ్చే గాలికి ఆ మూల ఆగదు.

వడ్రంగులు పని మానేశారు. అందుకే లింగరాజుకి ఎవరూ కనబడలేదు. పని అవలేదు.

డబ్బు పంపకపోయినా పరవాలేదు. తాళం మాత్రం ఇవ్వకు. గోవిందు అయిదు వందలు తిరిగి ఇచ్చెయ్యి. ఇల్లు నిలబడకపోతే నీకు అక్కడ కొట్టయినా ఉండాలి.

వరండా అక్కర్లేదు. నేనేమీ అడగడం లేదు.

ఆ మూల గుంజ కొట్టి చూడకుండా కొన్నాను. అది నా తప్పు.

ఢిల్లేశ్వరరావు


మోల్మేను
6 మార్చి 1980

నాన్నా ఢిల్లీ,

నీ ఉత్తరం మూడో తారీఖున చేరింది. తాళం ఇరవై తొమ్మిదినే ఇచ్చేశాను. గోవిందు అప్పటికే మిషను తెచ్చి పెట్టేశాడు, గోడకి రంగు వేయిస్తున్నాడు. అడిగి లాభం లేదు.

ఉత్తరం చదివి, వెనక్కి తిప్పి చూసి, మళ్లీ చదివాను. లింగరాజు "ఏటైంది, ఎవరైనా పోయారా" అన్నాడు. నీ ఉత్తరం వాడి చేతికిచ్చాను. వాడూ చదివి "ఇది ఢిల్లీ రాయలేదు" అన్నాడు. ఢిల్లీయే రాశాడు, నా తమ్ముడి చేతిరాత నాకు తెలుసు. "డబ్బు పంపకపోయినా పరవాలేదు" అన్నచోట కలం ఎంత గట్టిగా నొక్కావో, కాగితం వెనక్కి తిప్పితే తగులుతోంది. వరండా కోసం అబద్ధమాడేవాడు డబ్బొద్దని రాయడు.

మూడు వేలు లింగరాజు చేత పంపుతున్నాను. గోవిందు అయిదు వందలు కూడా అందులోనే ఉన్నాయి, మూడున్నర. ఈసారి పాత లుంగీ కట్టుకుని వెళ్లమన్నాను. ఇంటి కింద దూరకుండా వస్తే ఇంట్లో అన్నం లేదన్నాను.

నత్ సంగతి. నీ కలలూ రంగులూ కట్టిపెట్టు. పంతులమ్మకి టికెట్టు పంపి పిలిపించు. వాళ్లు ఎలా చెయ్యమంటే అలా చెయ్యి, అరటి గెలల దగ్గర బేరమాడకు. మన దేవుడికి కాయ కొడతాం, వాళ్ల దేవుడికి కాయ కడతాం. ఆయన ఇంట్లోకి నలభై ఏళ్ల తర్వాత మనం వెళ్తున్నాం, మనమే అడగాలి. రత్నం ముందుండి చేయించాలి, ఇల్లు ఆవిడ పేరున ఉంది.

ఊ చిట్ ఫో దగ్గరికి వెళ్లి బంగారం అబద్ధమని చెప్పు. నాకు రాసినట్టే చెప్పు, నాలుగు ముక్కల్లో. నమ్ముతాడు.

ఇంకెప్పుడూ నాకు అలాంటి ఉత్తరం రాయకు. పుచ్చిన గుంజ కన్నా నాకు అదే ఎక్కువ భయమేసింది.

అప్ప


రంగూను
30 మార్చి 1980

డబ్బా ఖాళీ చేసి ఇంటిని నిలబెట్టిన అప్పకు,

ఇప్పుడు ఎలా రాయాలో తెలియడం లేదు. నవ్విస్తే నమ్మవు, నవ్వించకపోతే భయపడతావు. రెండూ కాస్త కాస్త వేస్తాను, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు.

లింగరాజు పాత లుంగీలో వచ్చి ఇంటి కింద దూరాడు. గుంజని వేలితో పొడిచాడు, వేలు లోపలికి దిగిపోయింది. బయటికొచ్చి చాలాసేపు ఆ వేలినే చూసుకుంటూ కూర్చున్నాడు. ఊరెళ్లాక ఆ వేలు నీకు చూపించే ఉంటాడు.

ఊ చిట్ ఫో ఇంటికి వెళ్లి బంగారం నేను పుట్టించిందే అని చెప్పాను. "తెలుసు" అన్నాడు. "తెలిస్తే ఒక్క పూటలో ఎందుకు విప్పావు" అంటే, "తెలిసేదాకా విప్పాలి కదా" అన్నాడు. ఈ మనిషితో ఇక నేను పెట్టుకోను.

పంతులమ్మ వచ్చింది. టికెట్టు డబ్బు తీసుకోలేదు. గుంజ చూసి ముందు గుమ్మంలోనే కూలబడింది. "నేను పోసిన నీళ్లేనా" అని ఒకటే అడిగింది. మీ మరదలు పక్కన కూర్చుని "రోజూ స్నానం చేయిస్తే ఎవరైనా నానుతారు డో మ్యా టిన్, కోపమొచ్చి కాదు" అంది. నేనన్నా అంత బాగా అనలేను. తర్వాత పూజ చేసే ముసలమ్మ వచ్చింది, పాట పాడింది. పంతులమ్మ గుంజ ముందు మోకాళ్ల మీద కూర్చుని, రత్నం చెయ్యి పట్టుకుని ఆయనకి పరిచయం చేసింది. "ఈ అమ్మాయి పేరు రత్నం. మంచిది. ఈవిడ ఆడబిడ్డ ఒకావిడ మోల్మేను నుంచి వస్తుంది, వంట బాగా చేస్తుంది." నా గురించి అడిగితే "వీడు వీళ్ల మనిషే" అని ఊరుకుంది.

ఆయన పక్క గుంజకి మారాడు. అది ప్యింకడో, నేనే కొట్టి చూశాను, ఆయన మారకముందే. ఇకమీదట అత్తరు నీళ్లు కాయ మీదే పడేలా కింద చిన్న ఇత్తడి పళ్లెం పెట్టాడు ఊ చిట్ ఫో. ఆ ఊహ ఆయనదే, డబ్బు తీసుకోలేదు.

తర్వాత బస్సుల షెడ్డు నుంచి తెచ్చిన జాకీలు పెట్టి ఇంటిని ఎత్తారు. ఒక మూల ఎత్తుతుంటే ఇల్లంతా మూలిగింది అప్పా. వీధి వీధంతా నిలబడి చూశారు. సేక్కాన్ జెట్టీ గుంజ నల్లగా, ఓడ తాళ్లు రాసుకుపోయిన గాట్లతో. సిమెంటు దిమ్మ మీద నిలబెట్టి, ఇంటిని మెల్లగా దించారు. ఊ చిట్ ఫో మెట్ల మీద రెండు కాళ్లూ ఎత్తి దూకి చూశాడు. ఏమీ కదల్లేదు. నేనూ దూకాను. పిల్లలు దూకారు. రత్నం కూడా దూకింది, మోకాలితో సహా.

మొత్తం మూడు వేల రెండు వందలైంది. మూడొందలు మిగిలింది. అవనివి కూడా చెబుతాను, దాచను. వంటింటి కప్పు పాతదే, వానకి కారుతుంది. మరుగుదొడ్డికి తలుపు బదులు గోనెపట్టా. కిటికీలకి రెక్కలు రెండే ఉన్నాయి. ఇవి వచ్చే ఏడు. నీ గది మాత్రం కారదు. మొన్న రాత్రి రత్నం పైకెక్కి బిందెడు నీళ్లు పోసింది, కింద నేను నోరు తెరిచి పడుకున్నాను. ఒక్క చుక్క పడలేదు.

ఢిల్లీ


మోల్మేను
7 ఏప్రిల్ 1980

ఢిల్లీ, రత్నం,

అనుమతి కాగితం నిన్న వచ్చింది. పదో తారీఖున రేవు దాటి మర్తబాన్‌లో రైలెక్కుతాను. ఉప్పు సరిపోయింది.

లింగరాజు ఆ వేలు నాకు చూపించాడు, బజారంతటికీ చూపించాడు. ఇప్పుడు ఎవరింట్లో గుంజ ఉన్నా వీడే వెళ్లి పొడిచి వస్తున్నాడు.

మిగిలిన మూడొందలు ముట్టుకోకండి. కిటికీ రెక్కలు ముందు వేయించాలా, వంటింటి కప్పా అన్నది నేను వచ్చి చూసి చెబుతాను. వాన పడేటప్పుడు చూడాలి, ఎండలో చూస్తే తెలీదు.

నా సామాను ఒక పెట్టె, రెండు మూకుళ్లు, పరుపు. మిగతాదంతా ఇచ్చేశాను. రాత్రి లింగరాజు వాళ్ల వసారాలో పడుకుని ఒక మాట అనుకున్నాను, పొద్దున్న లేచి కాగితం మీద రాసి చూసుకున్నాను: నాకు మోల్మేనులో ఇల్లు లేదు, రంగూనులో ఉంది. రాస్తే కూడా బాగానే ఉంది. కింద సంతకం ఎలా పెట్టాలో ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటున్నాను.

ఇట్లు,
సింహాచలమ్మ
జెట్టీ గుంజ ఇల్లు, సంచౌంగ్, రంగూను